అడవి ఎంత ఉంది, ఎన్ని ముక్కలుగా ఉంది: నల్లమల నుంచి శేషాచలం దాకా ఒక మ్యాపింగ్ అనుభవం

కొన్నేళ్ల కిందట ఒక సంస్థ నాకో పని అప్పగించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోని జాతీయ పార్కులు, అభయారణ్యాలు, టైగర్ రిజర్వుల సరిహద్దులన్నీ ఒకే మ్యాపు మీదికి తెచ్చి, మొత్తం ఎన్ని చదరపు కిలోమీటర్లో తేల్చి చెప్పాలి. నేను జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారు చేసే) పని చేస్తాను. సరిహద్దులు గీయడం, కొలవడం నా వృత్తి. మూడు వారాల్లో పూర్తి చేసి పట్టిక ఇచ్చాను, వాళ్లు తీసుకున్నారు. ఆర్నెల్ల తర్వాత వేరే పని కోసం అదే ఫైలు తెరిచినప్పుడు అందులో రెండు తప్పులు కనిపించాయి. మొదటిది లెక్కలో జరిగింది. రెండోది అంతకన్నా పెద్దది: ఆ అడవి ఎన్ని ముక్కలుగా ఉందో నేను చూడనే లేదు. ఎవరూ అడగలేదు నిజమే, కానీ అడగకపోయినా చెప్పాల్సిన విషయం అది.

ఆ తప్పుల్ని సరిచేసుకుంటూ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని చేసే కుర్రాళ్లకు, అటవీ శాఖ గణాంకాలు చదివే విలేకరులకు, వన్యప్రాణుల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని నా ఆశ.

ఒకే నేలను రెండుసార్లు కొలవడం

మొదటి తప్పు గురించి త్వరగా చెప్పేస్తాను. మన చట్టంలో ఒకే అడవికి రెండు మూడు పేర్లు ఉండొచ్చు. గుండ్ల బ్రహ్మేశ్వరం ఒక అభయారణ్యం. అదే నేల నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులోనూ భాగం. రెండు షేప్‌ఫైళ్లను (సరిహద్దులుండే మ్యాపు ఫైళ్లను) పక్కపక్కన పెట్టి విస్తీర్ణాలు కూడితే ఆ నేల రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. నేను చేసింది అదే.

శేషాచలంలో చిక్కు ఇంకో రకం. అక్కడ 2010లో ప్రకటించిన బయోస్ఫియర్ రిజర్వ్ విస్తీర్ణం సుమారు 4,756 చ.కి.మీ. దాని లోపలున్న శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు 353 చ.కి.మీ. పైచిలుకు, దాన్ని ఆనుకుని ఉన్న అదే పేరు అభయారణ్యం 172 చ.కి.మీ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది ఈ రెంటికే. బయోస్ఫియర్ రిజర్వ్ అన్నది గౌరవప్రదమైన గుర్తింపు. ఆ గీత లోపల ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. రక్షిత ప్రాంతం అని 4,756 వేసుకుంటే అంకె ఘనంగా కనబడుతుంది గానీ అందులో చాలా భాగానికి అభయారణ్యంలో ఉండే చట్టబద్ధమైన రక్షణ లేదు. ఎకో సెన్సిటివ్ జోన్ కూడా అంతే. అది అభయారణ్యం చుట్టూ కొన్ని పనులకు పెట్టిన పరిమితి, దాన్ని అభయారణ్యంలో కలిపి కొలవకూడదు.

అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, అతివ్యాప్తిని తీసేసి, మిగిలిన నేలను ఒక్కసారే కొలవాలి. చెప్పడానికి సులువే. చేయడంలో వచ్చే ఇబ్బంది పాత గెజిట్ నోటిఫికేషన్లతోనే. సరిహద్దు ఫలానా వాగు మలుపు నుంచి ఫలానా గుట్ట మీదుగా ఫలానా బండ్లబాట దాకా అని మాటల్లో ఉంటుంది. వాగు దారి మార్చుకుంటుంది, బండ్లబాట తారురోడ్డవుతుంది. అటువంటి చోట రేంజ్ ఆఫీసుకు వెళ్లి పాత మ్యాపు, కంపార్ట్‌మెంట్ నంబర్లు, బీట్ ఆఫీసర్ మాట, ఈ మూడూ కలిపి చూసుకోవాల్సిందే. కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చే పని కాదది.

సగటు చెప్పని సంగతి

భారతదేశంలో జాతీయ పార్కులు, అభయారణ్యాలు, కన్జర్వేషన్ రిజర్వులు, కమ్యూనిటీ రిజర్వులు అన్నీ కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. మొత్తం సుమారు 1.75 లక్షల చ.కి.మీ., అంటే దేశ భూభాగంలో 5 శాతం పైచిలుకు. భాగించి చూస్తే ఒక్కోదానికి సగటున 175 చ.కి.మీ. కూడా రాదు. వందకు పైగా ఉన్న జాతీయ పార్కుల్ని మాత్రమే తీసుకుంటే సగటు 420 దాకా వస్తుంది.

ఈ సగటు వెనక ఏముందో చూడాలంటే లద్దాఖ్‌లోని హేమిస్‌ను, హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కును పక్కపక్కన పెట్టండి. రెండూ చట్టప్రకారం జాతీయ పార్కులే. హేమిస్ మూడు వేల చ.కి.మీ. దాటుతుంది, కేబీఆర్ 1.43 చ.కి.మీ. తెలంగాణలో జాతీయ పార్కులు మూడు: కేబీఆర్, 3.6 చ.కి.మీ. మృగవని, 14.59 చ.కి.మీ. మహావీర్ హరిణ వనస్థలి. మూడూ 1994లో ప్రకటించినవి, మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలే. అన్నీ కలిపినా 20 చ.కి.మీ. నిండవు. రాష్ట్రంలో మూడు జాతీయ పార్కులున్నాయి అన్న వాక్యం నిజమే, కానీ దాన్ని విన్నవాళ్ల మనసులో కదిలే బొమ్మ వేరు. ఆ రాష్ట్రంలో అసలు పెద్ద అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వులో ఉంది. దాని కోర్, అంటే గట్టి రక్షణ ఉన్న లోపలి భాగం ఒక్కటే 2,166 చ.కి.మీ.

ఈ చిన్న పార్కులు పనికిరానివని నేను అనను. కేబీఆర్‌లో నెమళ్లున్నాయి, నగరం మధ్యలో అంత పచ్చదనం మిగలడం గొప్ప విషయం. నేను అడిగేదల్లా, కేబీఆర్‌నూ అమ్రాబాద్‌నూ ఒకే వరుసలో, ఒకే యూనిట్‌గా లెక్కపెట్టొద్దని.

అంచు ఎంత తినేస్తుంది

అడవి అంచున ఎండ ఎక్కువ, గాలి ఎక్కువ. పశువులు, కట్టెల కోసం వచ్చేవాళ్లు, ఊరకుక్కలు, నిప్పు, కలుపు మొక్కలు అంచు నుంచే లోపలికి వస్తాయి. ఆ ప్రభావం ఎంత లోపలి దాకా పోతుందన్నది జీవిని బట్టి మారుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు నేను ఒక కిలోమీటరు తీసుకుంటాను. ఇది ఊరికే పెట్టుకున్న కొలత కాదు. ప్రపంచంలో మిగిలిన అడవిలో 70 శాతం ఏదో ఒక అంచుకు కిలోమీటరు లోపే ఉందని 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

100 చ.కి.మీ. అడవి గుండ్రంగా ఉందనుకుందాం. దాని చుట్టుకొలత 35 కి.మీ. పైచిలుకు. కిలోమీటరు అంచు తీసేస్తే లోపల 68 చ.కి.మీ. దాకా మిగులుతుంది. అదే 100 చ.కి.మీ.ను పది సమాన గుండ్రని ముక్కలు చేస్తే చుట్టుకొలత 112 కి.మీ. అవుతుంది, లోపలి భాగం అన్నిటిలో కలిపి 19 చ.కి.మీ.కి పడిపోతుంది. కాగితం మీద విస్తీర్ణం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇదే లెక్క మన పార్కులకు వేశాను. అన్నీ గుండ్రంగా ఉన్నాయనుకున్నాను, అంటే వాటికి అన్నివిధాలా అనుకూలమైన ఆకారం ఇచ్చాను. కేబీఆర్‌లో కిలోమీటరు లోతు అన్నదే లేదు, మొత్తం అంచే. మృగవనిలో ఒకటిన్నర హెక్టార్లు మిగిలింది. హరిణ వనస్థలిలో 4 చ.కి.మీ. కర్నూలు మెట్టనేలల్లోని రోళ్లపాడు అభయారణ్యం 6.14 చ.కి.మీ.; అందులో అర చదరపు కిలోమీటరు. కడప జిల్లాలోని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం 464 చ.కి.మీ.; అందులో మాత్రం 390 దాకా మిగిలింది, అంటే 84 శాతం. నిజంగా ఏ అడవీ గుండ్రంగా ఉండదు కాబట్టి అసలు అంకెలు ఇంతకన్నా తక్కువే ఉంటాయి. చిత్తూరు వైపు కౌండిన్య అభయారణ్యం 357 చ.కి.మీ. ఉన్నా సన్నగా, పొడుగ్గా సాగి ఉంటుంది. 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు అక్కడికి తిరిగి వచ్చాయి. సన్నటి అడవిలో ఏనుగు ఏ దిక్కుకు నడిచినా కాసేపట్లో పొలం వస్తుంది. అక్కడ రైతుకూ ఏనుగుకూ మధ్య ఇన్నేళ్లుగా నడుస్తున్న కష్టంలో ఆ ఆకారం పాత్ర చాలా ఉంది.

రోళ్లపాడు

ఈ ఒక్క చోటు గురించి కాస్త ఆగి చెప్పాలి. రోళ్లపాడును 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తు దాకా ఉండే పెద్ద పక్షి, విశాలమైన గడ్డిమైదానాల్లో బతుకుతుంది, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. దేశం మొత్తమ్మీద ఇప్పుడు 150 కూడా మిగల్లేదు. రోళ్లపాడులో గడ్డిని కాపాడగానే మొదట్లో మంచి ఫలితం కనబడింది, పక్షులు వచ్చాయి. కానీ ఆరు చదరపు కిలోమీటర్లు ఆ పక్షికి ఇల్లు మాత్రమే, దాని ఊరు చుట్టూ ఉన్న చేలు. వర్షాధారంగా పండే జొన్న, కొర్ర, పప్పుధాన్యాల చేలల్లో అది మేసేది, పురుగుల్ని ఏరుకునేది. కాలవలు వచ్చాయి, పంటలు మారాయి. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి గడ్డినీ మేశాయి, బయటి చేలనూ మేశాయి. రైతులకు అభయారణ్యం మీద కోపం వచ్చింది. ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడటం దాదాపుగా లేదు.

అభయారణ్యం గీత ఒక్క అంగుళం కూడా జరగలేదు. గెజిట్‌లో 6.14 చ.కి.మీ. అలాగే ఉంది. నా పట్టికలోనూ అది ఒక వరుసగా, పచ్చరంగులో, రక్షిత ప్రాంతంగా నిలబడే ఉంది. ఏ పక్షి కోసం ఆ వరుస పుట్టిందో ఆ పక్షి లేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. విస్తీర్ణంతో పాటు చుట్టూ ఉన్న నేల పరిస్థితి రాయడం అప్పటి నుంచే మొదలుపెట్టాను.

ముక్కల్ని ఒక్క అంకెలో ఎలా చెప్పాలి

అంచు లెక్క ఒక్కో పార్కుకు పనికొస్తుంది. పక్కపక్కన ఉన్న నాలుగైదు అడవుల్ని కలిపి చూడాలంటే ఇంకో కొలత కావాలి. యోఖెన్ యేగర్ అనే శాస్త్రవేత్త 2000లో ప్రతిపాదించిన పద్ధతి నాకు బాగా నచ్చింది. దాని సారాంశం ఇది: రక్షిత నేలలో కళ్లు మూసుకుని ఒక చోట ఒక జంతువును వదిలామనుకోండి. పొలం గానీ పెద్ద రోడ్డు గానీ దాటకుండా అది తిరగగల నేల సగటున ఎంత? దీన్ని లెక్కించడం కష్టం కాదు. ప్రతి ముక్క విస్తీర్ణాన్నీ దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడి, మొత్తం విస్తీర్ణంతో భాగించాలి. ఎక్సెల్‌లో ఒక నిమిషం పని.

1,000 చ.కి.మీ. ఒకే ముక్కగా ఉంటే జవాబు 1,000. సగానికి సగం రెండు ముక్కలైతే 500. 900, 100గా విడిపోతే 820. వందేసి చొప్పున పది ముక్కలైతే 100. నాలుగు సందర్భాల్లోనూ మొత్తం విస్తీర్ణం ఒకటే అని గుర్తుంచుకోండి. తెలంగాణ మూడు జాతీయ పార్కులకు ఇది వేస్తే 11.6 వచ్చింది.

ఇప్పుడు అసలు కేసుకు వస్తాను. నల్లమల దక్షిణపు కొస నుంచి లంకమల, వెలికొండ, పాలకొండల మీదుగా శేషాచలం దాకా కొండల వరుస ఒకటి సాగుతుంది. ఆ దారిలో రక్షణ ఉన్న నేలలు నాలుగు. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ కోర్ 2,596 చ.కి.మీ., లంకమల్లేశ్వర 464, నెల్లూరు–కడప సరిహద్దులోని పెనుశిల నరసింహ 1,031, శ్రీ వేంకటేశ్వర పార్కూ అభయారణ్యమూ కలిపి 526. మొత్తం 4,617 చ.కి.మీ.

నాలుగూ విడివిడిగా ఉన్నాయనుకుని లెక్క వేస్తే 1,796 వచ్చింది. నాలుగూ అడవి దారులతో కలిసి ఉంటే 4,617 అవుతుంది. తర్వాత ఇంకో ప్రయోగం చేశాను. టైగర్ రిజర్వ్ కోర్‌ను జంతువులు దాటలేని ఒక్క రోడ్డు సరిగ్గా సగానికి చీల్చిందనుకున్నాను. అంకె 1,067కు పడిపోయింది. ఆ రోడ్డు కోసం పోయే నేల విస్తీర్ణపు కాలమ్‌లో కనబడనంత తక్కువ. రోడ్డు విస్తరణ ప్రతిపాదనల్లో ఎన్ని హెక్టార్ల అటవీ భూమి పోతుందో రాస్తారు, ఎన్ని చెట్లు కొడతారో రాస్తారు. ముక్కల అంకె ఎంత నుంచి ఎంతకు మారుతుందో రాసిన ప్రతిపాదన నా చేతికి ఇంతవరకు రాలేదు.

ఉపగ్రహం చూడని రోడ్డు

సగానికి చీల్చే రోడ్డు అన్నది నా ఊహ. నల్లమలలో నిజంగా ఉన్న రోడ్ల పరిస్థితి ఏమిటి? ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే ఘాట్ రోడ్డు, దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు, కృష్ణ అవతలి ఒడ్డున అమ్రాబాద్ మధ్య నుంచి పోయే హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు, నంద్యాల–గిద్దలూరు మధ్య రోడ్డూ రైలు మార్గమూ, అన్నీ అడవి లోంచి వెళ్లేవే.

నా మొదటి మ్యాపులో ఇవేవీ అడవిని చీల్చలేదు. కారణం తర్వాత తెలిసింది. సెంటినెల్–2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్ పది మీటర్లు. రెండు వరుసల రోడ్డు మీద ఇరువైపులా చెట్ల కొమ్మలు కమ్ముకుంటే పైనుంచి చూసే ఉపగ్రహానికి అక్కడ అడవే కనబడుతుంది. దానికి తోడు నేను సరిహద్దుల్ని శుభ్రం చేయడానికి వాడిన టూల్ సన్నటి ఖాళీలన్నిటినీ పూడ్చేసింది. అలా మ్యాపు మీద ఎక్కడా తెగని అడవి తయారైంది. పనివాడిగా నేను అందరికీ చెప్పేది ఒకటే. రోడ్లు, రైలు మార్గాలు, కాలవలు ఉపగ్రహ చిత్రం నుంచి తీసుకోవద్దు. విడిగా గీతలుగా తెచ్చి, వాటితో అడవి పాలిగాన్‌ను (మ్యాపు మీద గీసిన ఆకారాన్ని) కోసి, ఆ తర్వాతే ముక్కలు లెక్కపెట్టాలి.

ఇక కోయడమా వద్దా అన్నది రోడ్డు వెడల్పును బట్టి కాకుండా దాని మీద తిరిగే వాహనాల్ని బట్టి తేల్చాలి. ఆత్మకూరు–దోర్నాల, శ్రీశైలం రోడ్లలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేట్లు వేస్తారు. ఒకసారి దోర్నాల వైపు చెక్‌పోస్టు దగ్గర ఆ గేటు పడే వేళకు ఉన్నాను. పది నిమిషాల ముందు వరకు హారన్లు, లైట్లు, అప్పుడే దాటేయాలని టెన్షన్ పడే డ్రైవర్లు. గేటు పడ్డాక కాసేపటికి కీచురాళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పులి, దుప్పి, ఎలుగుబంటి ఎక్కువగా కదిలేది ఆ చీకటి గంటల్లోనే. కాబట్టి ఆ రోడ్డు పగలు అడవిని చీలుస్తుంది, రాత్రి చాలావరకు కలుపుతుంది. నా లెక్కలో ఇప్పుడు రెండు అంకెలు వేస్తున్నాను: గేట్లు ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి. ఆ గేటు ఎత్తేయమని అడిగేవాళ్లకు చూపించాల్సింది ఈ రెండు అంకెల మధ్య తేడానే.

రాష్ట్ర సరిహద్దుది దీనికి తిరగబడ్డ కథ. 2014 తర్వాత పాత టైగర్ రిజర్వ్ రెండయింది, కృష్ణకు ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్ అయింది. ఫైల్లో రెండు పాలిగాన్లు, రెండు శాఖలు, రెండు ప్రణాళికలు. నేల మీద అది ఒక్క నల్లమలే. నది వెడల్పుగా నిలిచిన చోట అడ్డే గానీ పులికి ఈత వచ్చు. కాగితం విడదీసిన చోట అడవి కలిసి ఉండొచ్చు, కాగితం కలిపిన చోట విడిపోయి ఉండొచ్చు.

కలిసి ఉండటం ఎవరికి?

నల్లమలకు దక్షిణంగా లంకమల వైపు దారిని పరిశీలించేటప్పుడు నాకు పెద్ద పాఠం ఒకటి దొరికింది. ఉపగ్రహ చిత్రంలో మధ్య మధ్య చెట్లున్న నేల బాగానే కనబడింది. వెళ్లి చూస్తే అందులో కొంత జామాయిల్ తోటలు, కొంత నిమ్మ, మామిడి తోటలు, కొంత సర్కారు తుమ్మ. పులి రాత్రిపూట జామాయిల్ తోట దాటుకుని పోగలదు. నల్లమల పులులు కడప కొండల వైపు కదులుతున్నట్టు అటవీ శాఖ ఆనవాళ్లు నమోదు చేసింది కూడా.

కలివికోడికి అలా కుదరదు. జెర్డాన్ కనుగొనగా 1848లో బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనుకున్న దశలో 1986లో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఈ పక్షికి దట్టమైన అడవి వద్దు, ఉత్త బయలూ వద్దు. పొదలు కాస్త ఎడంగా ఉండి, మధ్యలో ఖాళీ నేల ఉండే చిట్టడవి కావాలి. అటువంటి నేలను మన రికార్డులు క్షీణించిన అడవి అనో బంజరు అనో రాస్తాయి. అందుకే అక్కడ మొక్కలు నాటే పథకాలు వస్తాయి, కాలవలు వస్తాయి. తెలుగుగంగ కాలవ పని 2005లో ఈ పక్షి ఉండే చోటికే వచ్చింది. అభ్యంతరాలు రావడంతో కాలవ దారి మార్చారు. ఉపగ్రహ మ్యాపులో పచ్చగా మారిన ప్రతి చోటునూ లాభంగా రాసుకుంటే కలివికోడి పోగొట్టుకున్న నేలను కూడా లాభంగా రాసినట్టే.

అప్పటి నుంచి ఒకే మ్యాపు ఇవ్వడం మానేశాను. పులికి ఒక మ్యాపు, కలివికోడికి ఒకటి. పులి మ్యాపులో ముక్కలు తక్కువ, పెద్దవి. కలివికోడి మ్యాపులో ముక్కలు చిన్నవి, వాటిలో కొన్ని అభయారణ్యం గీతకు బయటే ఉన్నాయి. మ్యాపు అడిగినవాళ్లు మొదట విసుక్కుంటారు, ఒక్కటి చాలదా అంటారు. చాలదు.

కలపడానికి ఉన్న దారులు

చట్టంలో చోటు ఉంది. 2006లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఒక టైగర్ రిజర్వును లేదా రక్షిత ప్రాంతాన్ని ఇంకోదానితో కలిపే నేలను పర్యావరణానికి తగని వాడకానికి మళ్లించకూడదు. ప్రజాప్రయోజనం కోసం తప్పదనుకుంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ఆమోదం, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ (ఎన్‌టీసీఏ) సలహా ఉండాలి. అంతకు ముందు సవరణతో కన్జర్వేషన్ రిజర్వు, కమ్యూనిటీ రిజర్వు అనే రెండు తేలికపాటి రూపాలూ వచ్చాయి. పెద్ద పార్కుల మధ్య సందుల కోసం పనికొచ్చే రూపాలివే.

రోడ్డు ఎలాగూ తప్పదన్న చోట ఇంజినీర్లు చేయగలిగింది పెంచ్ దగ్గర చూడొచ్చు. నాగ్‌పూర్ నుంచి సివనీ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మహారాష్ట్ర భాగంలో జంతువుల కోసం తొమ్మిది చోట్ల కింది దారులు కట్టారు. కొన్ని 50 మీటర్ల వెడల్పు, అన్నిటికన్నా పెద్దది 750 మీటర్లు. 2019లో కెమెరా ట్రాప్‌లు పెట్టి చూస్తే పులితో సహా 18 రకాల అడవి జంతువులు వాటిని వాడుతున్నట్టు తేలింది. నల్లమల రోడ్లను వెడల్పు చేయాలనే మాట వచ్చినప్పుడల్లా ఈ ఉదాహరణను నా నివేదికలో పెడతాను. కాకపోతే ఒక హెచ్చరికతో: కింది దారి ఉంది కదా అని రాత్రి గేట్లు తీసేయమనడం సరికాదు.

మనుషుల విషయం తేలకుండా అడవుల్ని కలిపే ఏ దారీ, ఏ కారిడారూ నిలబడదు. ఉత్తర తెలంగాణలో కవ్వాల్ టైగర్ రిజర్వు కోర్ 892 చ.కి.మీ. మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తాయి గానీ కవ్వాల్ కోర్ దాకా చేరి స్థిరపడటం అరుదు. ఆ మధ్య నేలను 2025లో కుమురం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ జీఓ వచ్చింది. అక్కడి ఆదివాసులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, జీఓను నిలిపివేశారు. మ్యాపులు గీసేవాడిగా నాకు ఆ నేల ఎంత విలువైనదో తెలుసు. అయినా ఆ అభ్యంతరం న్యాయమైనదనే అనుకుంటున్నాను. 2006 అటవీ హక్కుల చట్టం కింద రావాల్సిన పట్టాలు తేల్చకుండా, గ్రామసభలో కూర్చుని మాట్లాడకుండా, కొత్త గీత గీసి చూపిస్తే పోడు చేసుకునే కుటుంబానికి భయం కాక ఇంకేం కలుగుతుంది? నల్లమలలో చెంచులు పులుల జాడ తీయడంలో, బేస్‌క్యాంపుల్లో కాపలా కాయడంలో ముందున్నారు. వాళ్ల పెంటలు, అంటే చిన్న గూడేలు, అడవి మధ్యలో ఉన్నాయి, వాటి వల్ల అడవి ముక్కలు కాలేదు. నా కొలతలో పెంటల్ని కోతలుగా ఎప్పుడూ పెట్టలేదు, అలా పెట్టమని అడిగినా పెట్టను. నాలుగు వరుసల రోడ్డునూ, ఇరవై గుడిసెల పెంటనూ ఒకే రకం అడ్డంకిగా చూపే మ్యాపు సాంకేతికంగానే తప్పు.

ఇప్పుడు పట్టిక ఎలా ఉంటుంది

2022లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2030 నాటికి నేలలో 30 శాతాన్ని రక్షణ కిందికి తేవాలని దేశాలు ఒప్పుకున్నాయి. బాగా కలిసి ఉండాలి అన్న మాట కూడా ఆ ఒప్పందంలో ఉంది. కానీ పత్రికల్లోకి ఎక్కేది శాతమే. శాతం పెంచడానికి సులువైన దారి ఎక్కడ పడితే అక్కడ చిన్న చిన్న ముక్కలు చేర్చుకుంటూ పోవడం. అందుకే ఇప్పుడు నేనిచ్చే ప్రతి పట్టికలోనూ విస్తీర్ణం పక్కన ఇంకో ఐదు కాలమ్‌లు పెడుతున్నాను: అతివ్యాప్తి తీసేశాక మిగిలిన నేల, కిలోమీటరు అంచు తీసేశాక మిగిలిన నేల, రోడ్లూ కాలవలూ కోశాక అన్నిటికన్నా పెద్ద ముక్క, యేగర్ పద్ధతిలో వచ్చిన అంకె, చుట్టూ రెండు కిలోమీటర్లలో ఏ పంటలున్నాయన్నది. చివరి కాలమ్ నింపడానికే ఎక్కువ రోజులు పడుతుంది, ఎందుకంటే సీజన్‌కు ఒకసారి వెళ్లి చూడాలి.

మొదటి పని ఇచ్చిన సంస్థకు సరిచేసిన పట్టికను, ఎక్కడ పొరపాటు చేశానో వివరిస్తూ ఉత్తరంతో సహా పంపాను. పాత అంకెలు అప్పటికే వాళ్ల నివేదికలో అచ్చయిపోయాయి. కొత్త ముద్రణలో మారుస్తామన్నారు, మొత్తం విస్తీర్ణం మార్చారు కూడా. ముక్కల కాలమ్ మాత్రం చోటు చాలదని తీసేశారు. వచ్చే ఏడాది పట్టిక మళ్లీ నా చేతికే వస్తుంది. ఈసారి ఆ కాలమ్‌ను మొత్తం విస్తీర్ణానికి ముందు పెట్టి పంపుతాను.